సొంతంగా కట్టిన సబ్‌మెరైన్ హల్‌కి ప్రెషర్ టెస్ట్: అపోహలు – వాస్తవాలు

లెక్కల కోసం ఒక హల్ (సబ్‌మెరైన్ ఒళ్లు) అనుకుందాం. 1 మీటరు వ్యాసం, 3.5 మీటర్ల పొడవు, 6 మి.మీ. మైల్డ్ స్టీల్ ప్లేటు, రెండు చివరలా డిష్ ఎండ్లు, అంటే గిన్నెలా వంగిన మూతలు. లోపల దాదాపు 3 ఘనపు మీటర్ల చోటు. కింద అంకెలన్నీ దీనివే.

అపోహ: లోపల ప్రెషర్ నింపితే 10 బార్ ఆగింది, కాబట్టి 100 మీటర్ల లోతుకు దిగొచ్చు.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. లోపలి ఒత్తిడి ప్లేటును సాగదీసి గుండ్రంగా చేస్తుంది. ఉన్న సొట్టను కూడా కొంత సరిచేస్తుంది. బయటి ఒత్తిడి అదే సొట్టను పట్టుకుని ఇంకా లోపలికి తోస్తుంది. లోహం బలం చూస్తే ఈ హల్ 30 బార్ దాకా ఆగాలి. కానీ మధ్యలో రింగులు లేకపోతే 4 బార్ దగ్గరే, అంటే సుమారు 40 మీటర్ల లోతులోనే, ఒక్కసారిగా నలిగిపోతుంది. ఇదీ బకలింగ్. 40 సెం.మీ.కి ఒకటి చొప్పున తగిన సైజు రింగులు వెల్డ్ చేస్తే, రింగుల మధ్య ప్లేటు బకలింగ్ ఒత్తిడి దాదాపు 40 బార్‌కి ఎగబాకుతుంది. అప్పుడు లోహం బలమే హద్దవుతుంది.

ఇవన్నీ హల్ చక్కగా గుండ్రంగా ఉంటేనే. వ్యాసంలో అర శాతం, ఇక్కడ 5 మి.మీ., తేడా దాటితే పైలెక్క నమ్మకూడదు. టేపు పెట్టి వ్యాసాలు కొలిస్తే సరిపోదు. మూడు వైపులా ఉబ్బిన హల్‌కి ఎటు కొలిచినా వ్యాసం ఒకటే వస్తుంది! మధ్యలో ఇరుసు పెట్టి, దానికి చెయ్యి బిగించి, కొసన డయల్ గేజ్‌తో 15 డిగ్రీలకొకసారి వ్యాసార్థం రాసుకోవాలి. రింగు దగ్గరా, రెండు రింగుల నడుమా.

అపోహ: నీళ్లెందుకు, కంప్రెసర్ గాలితో టెస్ట్ చేస్తే చాలు.

60 సెం.మీ. హ్యాచ్ (మనుషులు దిగే మూత) మీద 1 బార్ గాలి అంటే 2.9 టన్నుల తోపుడు. బోల్టు ఊడితే హ్యాచ్ ఎగిరిపోతుంది. నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి వాటిలో అంత శక్తి దాగి ఉండదు. పైగా బయటి నుంచి మూసుకునే హ్యాచ్‌ని లోపలి గాలి సీలు మీద నుంచి లేపేస్తుంది. అంటే హ్యాచ్ సీల్ గురించి ఆ టెస్ట్ చెప్పేది ఏమీ లేదు.

లీకులు పట్టడానికి వాక్యూమ్ మేలు. మనుషులెవరూ లోపల లేకుండా హ్యాచ్ మూసి, లోపలి పీడనం బయటికంటే 200 మిల్లీబార్లు తగ్గేదాకా గాలి లాగి, వాల్వ్ కట్టేసి రాత్రంతా వదిలేయాలి. మామూలు గేజ్ వద్దు, అబ్సల్యూట్ ప్రెషర్ గేజ్ కావాలి. లేదంటే వాతావరణ పీడనం మారినప్పుడల్లా రీడింగ్ కూడా మారుతుంది. లోపలి ఉష్ణోగ్రత కూడా రాయాలి. 5 డిగ్రీలు చల్లబడితే దానికదే సుమారు 13 మిల్లీబార్లు తగ్గుతుంది, లీకు ఉన్నా దాని వెనక దాక్కుంటుంది. తెరిచే ముందు గాలి వదలండి, ఈ వాక్యూమ్‌కే హ్యాచ్ మీద 570 కిలోలకు పైగా బరువు కూర్చుని ఉంటుంది.

అపోహ: పైన చిన్న లీకు పర్లేదు, లోతుకెళ్తే సీల్ బిగుసుకుంటుంది.

సగం నిజం. ఓ-రింగులు (గాడిలో కూర్చునే రబ్బరు సీళ్లు) చాలాసార్లు 2–3 మీటర్ల లోతులో కారి, 10 మీటర్ల దగ్గర ఆగిపోతాయి. మళ్లీ పైకొస్తుంటే కారడం మొదలుపెడతాయి. ఆ మాటకొస్తే తిరిగే ప్రొపెల్లర్ షాఫ్ట్ సీల్ ఆగుతుందనే నమ్మకమూ లేదు. గాడిలో గీత, వెంట్రుక, ఎండిన గ్రీజు ఉన్నాయేమో చూడాలి.

అపోహ: మొదటి టెస్ట్ డైవ్‌కి లోపల ఒకరు ఉంటేనే ఏం జరుగుతోందో తెలుస్తుంది.

కాదు. ముందు ఖాళీగా దింపాలి, పని చేసే లోతుకు 1.25 రెట్లు. ఉదాహరణకు, ప్లాన్లు కొని కట్టుకునే కిట్రిడ్జ్ కే-250 అనే చిన్న సబ్‌మెరైన్ రేటింగ్ 250 అడుగులు, అంటే 76 మీటర్లు. టెస్ట్ 95 మీటర్లకు. 3, 10, 30 మీటర్ల దగ్గర ఆపి, అడుగున గంటసేపు ఉంచాలి. వదిలిన తాడు పొడవు లోతు కాదు, ప్రవాహం ఉంటే తాడు వాలిపోతుంది. అందుకే హల్ మీదే లోతు లాగర్ (రీడింగులు నమోదు చేసే పరికరం) పెట్టాలి.

తాడును, క్రేన్‌ను హల్ మునిగిపోతే ఎంత బరువొస్తుందో దాన్ని బట్టి ఎంచుకోవాలి. ఈ హల్ నిండితే నీళ్లలోనే దాదాపు 3 టన్నులు లాగుతుంది, నీళ్లు ఒంపకుండా బయటికి తీస్తే రెట్టింపు. లోపల ప్రెషర్, టెంపరేచర్ లాగర్లు, ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పేపర్ పెట్టండి. 30 లీటర్లు లోపలికొస్తే గాలి పీడనం 10 మిల్లీబార్లు పెరగాలి. కానీ కింద చల్లబడిన గాలి 3 డిగ్రీలకే 10 మిల్లీబార్లు తగ్గించేస్తుంది. పైకి తీశాక టిష్యూయే నిజం చెబుతుంది.

అపోహ: యాక్రిలిక్ కిటికీ పగులు లేకుండా ఉంటే బాగున్నట్టే.

స్పిరిట్‌తో తుడిస్తే యాక్రిలిక్‌లో సన్నని చీలికలు మొదలవుతాయి, వెలుగుకి అడ్డంగా పెడితేనే కనబడతాయి. సబ్బు నీళ్లు చాలు.

అపోహ: ఒకసారి పాసైతే ఎప్పటికీ పాసే.

2022 జూలైలో, టైటానిక్ శిథిలాల దగ్గరికి మనుషుల్ని తీసుకెళ్లే టైటాన్ సబ్‌మెర్సిబుల్ 80వ డైవ్ ముగింపులో పెద్ద శబ్దం వినిపించింది. ఆ తర్వాత డైవ్‌లలో స్ట్రెయిన్ గేజ్ (హల్ ఎంత సాగిందో, నలిగిందో కొలిచేది) రీడింగుల తీరు మారింది. అది కార్బన్ ఫైబర్, 2023 జూన్ 18న నలిగిపోయింది. స్టీల్ అంత తొందరగా మోసం చేయకపోయినా, తుప్పు, వెల్డ్ పగులు, పడవ తగిలి పడిన సొట్ట దానికీ ఉంటాయి. ప్రతి టెస్ట్ తర్వాత అవే పాయింట్ల దగ్గర వ్యాసార్థాలు మళ్లీ కొలవండి, రింగు వెల్డ్‌లకు డై పెనెట్రెంట్ (సన్నని పగుళ్లను చూపించే రంగు ద్రవం) వేయండి. కొలిచిన చోట గేజ్ తప్పులకు మించిన శాశ్వతమైన తేడా కనిపిస్తే, కారణం తేలేవరకు ఆ హల్‌ని నీళ్లలో దింపకూడదు.