ఊద్ అత్తరు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ వన్‌టౌన్‌లో అత్తర్లు కలిపి అమ్మడం నా వృత్తి. పెళ్లిళ్ల రోజుల్లో అందరూ అడిగేది ‘ఊద్’. పేరు కొత్తగా వినిపిస్తుంది కానీ అది మన అగరే.

అపోహ: అగరు కలపంతా పరిమళమే.
చందనం చేవలో నూనె సహజంగానే ఉంటుంది. అగరు అలా కాదు. అస్సాం నుంచి ఆగ్నేయాసియా అడవుల దాకా పెరిగే ఈ చెట్టు ఆరోగ్యంగా ఉన్నంతకాలం కలప తెల్లగా, తేలికగా, దాదాపు వాసన లేకుండా ఉంటుంది. పురుగు తొలిచో కొమ్మ విరిగో గాయమై, బూజు సోకితే, తనను కాపాడుకోవడానికి చెట్టు నల్లటి బంకను ఊరిస్తుంది. పరిమళమంతా ఆ నల్లటి చారల్లోనే. ఏ మానులో అవి ఉన్నాయో పైకి తెలియదు. అందుకే ఆశకొద్దీ ఎన్నో చెట్లు నరికేశారు. 2005 నుంచి ఈ ప్రజాతి మొత్తం సైటీస్ (అంతరించే ముప్పున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) కింద నియంత్రణలో ఉంది.

అపోహ: నీళ్లలో మునిగితే అసలైనదే.
బంక బాగా పట్టిన ముక్క మునిగే మాట నిజమే. మామూలు ముక్కకు బరువు ఎక్కించి అమ్మేవాళ్లకూ ఈ పరీక్ష తెలుసు!



అపోహ: గొడ్లచావిడి వాసన వస్తే కల్తీ.
కిందటి వేసవిలో గుంటూరు నుంచి ఒక పెద్దాయన, కొడుకు దుబాయి నుంచి పంపిన సీసా పట్టుకొచ్చారు. “మోసపోయాం నాయనా, చావిట్లో కూర్చున్నట్టుంది” అన్నారు. కాగితం పట్టీ మీద ఒక చుక్క అద్ది పక్కన పెట్టి, టీ తెప్పించాను. నూనె తీయడానికి బట్టీకి ఎక్కించే ముందు చెక్కను రోజుల తరబడి నీళ్లలో నానబెట్టడం పాత పద్ధతి. ఆ పులిసిన వాసన కొంత నూనెలోకి దిగుతుంది, ముందు ముక్కుకు తగిలేది అదే. అరగంట పోయాక పట్టీ మళ్లీ అందించాను. “తాతగారి భోషాణం తెరిచినట్టుందే!” అన్నారు.

అపోహ: ఎంత పోస్తే అంత ఘనం.
నాకు ఒళ్లు మండేది దీనికే. మే నెల బెజవాడ ఎండలో మెడంతా ఊద్ పూసుకుని బస్సెక్కితే పక్కవాళ్ల గతేమిటి? అగరు అడుగున ఉండాలి. పది మిల్లీలీటర్ల మల్లె అత్తరులో నేను వేసేది ఒక్క చుక్క. మల్లె తొందరగా ఎగిరిపోకుండా, తీపి వెగటు కాకుండా అది పట్టి ఉంచుతుంది. వాసన చూసినవారు వెంటనే ‘ఊద్’ అన్నారంటే నా చేయి జారినట్టే.

ఆ పెద్దాయన సీసాలోంచే చుక్క తీసి మల్లెలో కలిపి ఇచ్చాను. మెట్లు దిగుతూ మళ్లీ వెనక్కి వచ్చారు. “నాయనా, ఇందులో అది వేయడం మరిచిపోలేదు కదా?”