అన్ని దిశలూ సరిపోయినా అవకలనీయత రాదా?

ప్రతి దిశలోనూ ప్రమేయానికి అవకలజం (మార్పు రేటు) ఉంది. ఆ విలువలన్నీ కలిసి అవిచ్ఛిన్న రేఖీయ ప్రమేయం కూడా అయ్యాయి. ఇంకా అవకలనీయం కాదంటారేమిటి? నార్మ్ (సదిశ పొడవును కొలిచే కొలత) ఉన్న సదిశాంతరాళాల పాఠంలో ఎప్పుడూ లేచే ఈ వాదన మళ్లీ లేచింది. దీనికి న్యూటన్ దాకా వెళ్లక్కర్లేదు. ముడి ఉన్నది 1911లో.

ఆ ఏడాది ఫ్రెంచి గణితవేత్త మోరిస్ ఫ్రెషే, ప్రమేయం అవకలనీయం అనాలంటే ఒక షరతు పెట్టాడు: ప్రమేయంలో వచ్చిన మార్పుకీ రేఖీయ అంచనాకీ మధ్య తేడాను జరుగుదల పొడవుతో భాగించినా సున్నాకు పోవాలి, ఏ దారిన వచ్చినా సరే. గణితవేత్త స్టోల్జ్ 1893లోనే ఈ మాట అన్నాడు, మరో గణితవేత్త యంగ్ కూడా అన్నాడు. ఆ సంగతి ఫ్రెషే దాచలేదు. కానీ పొడవు అన్నచోట నార్మ్ పెట్టి, అనంత పరిమాణాలకూ పనికొచ్చేలా చేసింది ఆయనే.

రెండో పక్షం మరో ఫ్రెంచి గణితవేత్త రెనే గాటోది. ముందు దిశ ఎంచుకుని, ఆ గీత మీదే అవధి చూస్తారు; అదే గాటో అవకలజం. లెక్క తేలిక. గాటో 1914 అక్టోబరులో యుద్ధంలో చనిపోయాడు, కాగితాలను గణితవేత్త పాల్ లెవీ అచ్చువేయించాడు. కాబట్టి ఈ గొడవలో ఆయన్ని తప్పుపట్టడం అన్యాయం.

తేడా ఎక్కడో చూడండి. ఎక్స్ ఘనాన్ని వైతో గుణించి, ఎక్స్ నాలుగో ఘాతం, వై వర్గాల మొత్తంతో భాగించండి. మూలబిందువు దగ్గర విలువ సున్నా అనుకోండి. అక్కడ ప్రతి దిశలోనూ అవకలజం సున్నాయే. కానీ వై ఈజీక్వల్టు ఎక్స్ వర్గం అనే పరావలయం మీదుగా వస్తే ఫ్రెషే షరతులోని నిష్పత్తి సున్నాకు పోక సగం దగ్గర ఆగిపోతుంది. గీతలన్నీ వెతికినా వంపుదారి దొరకదు మరి!

చుట్టుపక్కల బిందువులన్నిటా గాటో అవకలజం ఉండి, అది ఆపరేటర్ నార్మ్‌లో (రేఖీయ ప్రమేయాల పరిమాణాన్ని కొలిచే కొలతలో) అవిచ్ఛిన్నంగా మారితే ఫ్రెషే షరతు నెగ్గుతుంది. పరిమిత పరిమాణంలో గాటో అవకలజానికి లిప్షిట్జ్ ధర్మం (విలువలో మార్పు జరుగుదల పొడవుకు ఒక స్థిర రెట్టు మించకపోవడం) తోడైనా చాలు. అనంతంలో ఆ రెండోది పనిచేయదు. పరమ మూల్యాల మొత్తం పరిమితమైన అనుక్రమాల అంతరాళంలో, ఏ పదమూ సున్నా కాని బిందువు దగ్గర నార్మ్‌కు గాటో అవకలజం ఉంది. అక్కడ ఒక్క పదం గుర్తు తిప్పితే నార్మ్ మారదు, రేఖీయ అంచనా మాత్రం జరుగుదల పొడవంతా తగ్గిపోయిందంటుంది. ముందుకెళ్లేకొద్దీ పదాలు చిన్నవవుతాయి, జరుగుదలా సున్నాకు పోతుంది. నిష్పత్తి మాత్రం 1 దగ్గరే కదలకుండా ఉంటుంది.