మ్యాజిక్ జాన్సన్: ఒక ప్రకటన, ఒక గాయం, అయిదేళ్ల భయం

ఎయిడ్స్ గురించి వైద్యలోకానికి తొలి కబురు అందింది లాస్ ఏంజెలెస్ నుంచే. అక్కడి అయిదుగురు యువకులకు సోకిన అరుదైన న్యుమోనియాపై 1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం ఒక చిన్న నివేదిక ప్రచురించింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజుల్లో ఆ ఊరంతా మారుమోగుతున్న పేరు బాస్కెట్‌బాల్ ఆటగాడు మ్యాజిక్ జాన్సన్.

మిషిగన్ రాష్ట్రం లాన్సింగ్‌లో కార్ల ఫ్యాక్టరీ కార్మికుడి కొడుకు. అసలు పేరు ఎర్విన్. 1979లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టులో చేరాడు. బంతిని నడిపిస్తూ జట్టును ఆడించే పాయింట్ గార్డ్ అంటే పొట్టివాళ్లే అనుకునే కాలంలో ఆరడుగుల తొమ్మిది అంగుళాల మనిషి ఆ స్థానంలో ఆడాడు. 1980 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌కి జట్టులోని మేటి ఆటగాడు కరీమ్ అబ్దుల్ జబ్బార్ కాలి గాయంతో దూరమైతే, ఇరవయ్యేళ్ల ఈ కుర్రాడు అతని స్థానమైన సెంటర్‌గా దిగి 42 పాయింట్లు కొట్టి కప్పు తెచ్చాడు. మొత్తం అయిదు టైటిళ్లు, మూడుసార్లు ఉత్తమ ఆటగాడి పురస్కారం.

ఈలోగా ఎయిడ్స్ మీద అపోహలు ముదిరాయి. అది స్వలింగ సంపర్కులకూ, మత్తుమందు సూదులు వాడేవాళ్లకూ మాత్రమే వస్తుందని జనం నమ్మేశారు. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా జబ్బు చికిత్సలో వాడిన రక్త ఉత్పత్తుల వల్ల ఎయిడ్స్ వైరస్ సోకిన ర్యాన్ వైట్ అనే పిల్లవాణ్ణి ఇండియానాలో బడికే రానివ్వలేదు. 1990లో అతను చనిపోయాడు.

1991 అక్టోబరులో, బీమా కోసం చేసిన రక్తపరీక్షలో జాన్సన్‌కు ఎయిడ్స్‌కు దారితీసే వైరస్ హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. అప్పటికి పెళ్లయి కొద్ది వారాలే. భార్య కుకీ గర్భవతి. ఆమెకు వైరస్ సోకలేదు, తర్వాత పుట్టిన బాబుకూ లేదు. నవంబరు 7న విలేకరుల ముందుకొచ్చి తన నోటితోనే చెప్పాడు, ఆట నుంచి తప్పుకుంటున్నాననీ ప్రకటించాడు. సోకింది హెచ్‌ఐవీ అని, తనకు ఎయిడ్స్ లేదని విడమరిచాడు. స్త్రీలతో సంబంధాల వల్లే వచ్చిందనీ దాచలేదు. పరీక్షల కోసం, సలహాల కోసం హెల్ప్‌లైన్లకు ఫోన్లు వెల్లువెత్తాయి.

ఆ ధైర్యాన్ని తక్కువ చేయలేం. కానీ కథ అక్కడితో సుఖాంతమైందని చెప్పడం అన్యాయం. 1992 ఫిబ్రవరిలో అభిమానుల ఓట్లతో, మేటి ఆటగాళ్లు తలపడే ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ఎంపికైతే, ఒకప్పటి సహచరులే కొందరు ఆడొద్దన్నారు. ఆడాడు, 25 పాయింట్లు చేసి ఉత్తమ ఆటగాడయ్యాడు. బార్సిలోనాలో ఒలింపిక్ స్వర్ణమూ అందుకున్నాడు. ఆ ఉత్సాహంతో మళ్లీ లేకర్స్‌లోకి రాబోతే, అక్టోబరు 30న చాపెల్ హిల్‌లో జరిగిన సన్నాహక మ్యాచ్‌లో చేతి మీద చిన్న గీత పడింది. మైదానమంతా చూస్తుండగా ట్రైనర్ గ్యారీ విట్టీ చేతొడుగులు వేసుకోకుండానే కట్టు కట్టాడు. ఆటలో సోకే ప్రమాదం లేదని ఆటగాళ్లకు చెప్పిన మాటను చేతల్లో చూపాలని అలా చేశాడు. అయినా చుట్టూ ఉన్న కళ్లలో భయం పోలేదు. గాయాల మాటేమిటని యూటా జట్టు ఆటగాడు కార్ల్ మలోన్ పత్రికల్లో బాహాటంగానే అడిగాడు. మూడు రోజులకే జాన్సన్ మళ్లీ తప్పుకున్నాడు. అతన్ని రెండోసారి ఆపింది జబ్బు కాదు, తోటివాళ్ల భయం.

నా దృష్టిలో అతను చేసిన గొప్ప పని ఆ ఏడాదే వచ్చిన పిల్లల టీవీ కార్యక్రమం. పుట్టుకతోనే వైరస్ ఉన్న ఏడేళ్ల హైడియా బ్రాడ్‌బెంట్, మేమూ అందరిలాంటి మనుషులమేనని చెబుతూ ఏడ్చేసింది. జాన్సన్ పక్కనే కూర్చుని ఓదార్చాడు. ముట్టుకుంటే అంటుకోదని ఎన్ని కరపత్రాలు చెబితే అంత బలంగా నాటుకుంటుంది? ఆ పాప పెద్దయ్యాక తనూ ప్రచారకర్త అయింది.

ప్రభుత్వం మీదా అతను మెతకగా లేడు. అధ్యక్షుడు బుష్ తనను జాతీయ ఎయిడ్స్ కమిషన్‌లో నియమిస్తే, ప్రభుత్వం నిర్లక్ష్యం చేస్తోందంటూ 1992 సెప్టెంబరులో రాజీనామా చేశాడు. తన ఫౌండేషన్ ద్వారా నల్లజాతి బస్తీల్లో పరీక్షలు, అవగాహన పనులు నడిపించాడు.

1996లో 36 ఏళ్ల వయసులో తిరిగొచ్చి 32 మ్యాచ్‌లు ఆడాడు. ఈసారి పెద్దగా అభ్యంతరాలు రాలేదు. అదే ఏడాది మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స విస్తృతంగా వాడుకలోకి వచ్చి మరణాలు తగ్గసాగాయి. అయితే ఆరోగ్యంగా కనిపిస్తున్న జాన్సన్‌ను చూసి అతనికి జబ్బు నయమైపోయిందనే కొత్త అపోహ పుట్టింది. డబ్బున్నవాడికి దొరికే రహస్య మందేదో ఉందనీ అనుకున్నారు. వైరస్ ఇంకా ఒంట్లోనే ఉందని, తనను కాపాడుతున్నది రోజూ మానకుండా వేసుకునే మాత్రలేనని అప్పటి నుంచీ వేదిక ఎక్కిన ప్రతిచోటా చెబుతూ వస్తున్నాడు.