ఫొటో పేపర్ తెలుపు చూసి మురిసిపోకండి

పిల్లలూ,

తాతయ్య షష్టిపూర్తి ఫొటోలు ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీదే తీస్తామన్నారు, సంతోషం. షాపులో అన్నిటికన్నా తెల్లగా ఉన్న పేపర్ చూసి పెట్టామని రాశారు కదా, అక్కడే కాస్త ఆగండి.

చాలా పేపర్లకు ఆ తెలుపు సొంతం కాదు. తయారీలో ఒక రసాయనం కలుపుతారు. అది కంటికి కనపడని అల్ట్రావయొలెట్ కిరణాలను పీల్చుకుని నీలపు వెలుగు వదులుతుంది. బట్టల సబ్బుపొడుల్లో మెరుపు తెచ్చేదీ ఇలాంటిదే. ఏళ్లు గడిచేకొద్దీ దాని శక్తి తగ్గిపోయి, అడుగునున్న పసుపుఛాయ బయటపడుతుంది. పట్టుకోవడం తేలికే. కొన్ని షాపుల్లో దొంగనోట్లు పట్టే లైటు ఉంటుంది, దాని కింద పెట్టి చూడండి. ఈ రసాయనం ఉన్న పేపర్ నీలంగా వెలిగిపోతుంది. మన అసలు నోటు మాత్రం నంబర్లూ కొన్ని పోగులూ తప్ప మసగ్గానే ఉంటుంది, దాన్ని ఈ రసాయనం కలపని పత్తి గుజ్జుతో చేస్తారు.

ఫొటో పేపర్లలోనూ పత్తివి ఉన్నాయి. దినపత్రికను పసుపు పచ్చగా మార్చేది చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం, అది పత్తిలో దాదాపు ఉండదు, అందుకే అవి మన్నుతాయి. ఖరీదు మాత్రం బాగా ఎక్కువ.

అలాగని పరుగెత్తి కొనేయకండి, మీ ప్రింటర్‌లో ఏ ఇంకుందో చూడండి. ఇళ్లలో వాడే ట్యాంక్ ప్రింటర్లలో రంగులు ఎక్కువగా డై ఇంకులే. నీళ్లలో కరిగే ఈ రంగులు వెలుతురుకీ గాలికీ త్వరగా వెలిసిపోతాయి. వాటితో పత్తి పేపర్ మీద తీస్తే పేపర్ మిగులుతుంది, తాతయ్య మాయమైపోతాడు! పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నటి రేణువులుగా ఉంటుంది కాబట్టి చాలాకాలం నిలుస్తుంది. నన్నడిగితే, ఆల్బమ్ అంతా మామూలు గ్లాసీ పేపర్ మీద తీసుకుని, గోడకు పెట్టే నాలుగైదు మాత్రం పిగ్మెంట్ ప్రింటర్ ఉన్న ల్యాబ్‌లో పత్తి పేపర్ మీద తీయించండి.

ప్యాకెట్ మీది ‘వందేళ్లు మన్నుతుంది’ అన్న మాటని కూడా అనుమానించండి. 2000లో ఒక పేరున్న కంపెనీ ప్రింటర్లతో తీసిన ఫొటోలు కొన్ని ఇళ్లలో వారాల్లోనే నారింజ రంగుకు తిరిగాయి. కంపెనీ ఏళ్ల లెక్క వెలుతురుని బట్టి కట్టింది. రంగుని తినేసింది మాత్రం గాలిలోని ఓజోన్. తీయగానే ఆరిపోయే పేపర్లకు పైపూతలో సన్నని రంధ్రాలుంటాయి, వాటిలోంచి గాలి నేరుగా రంగుని చేరుతుంది. అందుకే ఫొటోని అద్దం వెనకో ఆల్బమ్‌లోనో ఉంచాలి. అద్దానికి తగలకుండా ఫొటో అంచుల చుట్టూ మధ్యలో అట్ట పెట్టించండి, లేకపోతే తేమకి ఫొటో అద్దానికి అంటుకుపోతుంది. జిగురు పేజీల ఆల్బమ్, పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వద్దు.

ప్యాకెట్ మీద రాసే జీఎస్‌ఎమ్ అంటే పేపర్ బరువు చదరపు మీటరుకి ఎన్ని గ్రాములన్నదే, మన్నికతో దానికి సంబంధం లేదు.

ముందు చిన్న ప్యాకెట్టే కొనండి. ఒక ఫొటో తీసి సగానికి కత్తిరించి, ఒక ముక్క ఎండ పడే కిటికీ దగ్గర, ఇంకోటి పుస్తకంలో పెట్టండి. వేసవి సెలవులయ్యాక పక్కపక్కన పెట్టి చూసి నాకు ఫోన్ చేయండి.

మీ పెద్ద తాతయ్య