కొల్లేరు కాంటూరు గొడవ: వెనక నూట డెబ్బై ఏళ్ల కథ

కైకలూరు వైపు ఎన్నికలొచ్చినా వరదలొచ్చినా ఒకటే మాట: ఐదో కాంటూరా, మూడో కాంటూరా? బయటివాళ్లకు అర్థం కాదు గానీ విషయం సులువే. కాంటూరంటే సముద్ర మట్టం నుంచి ఇన్ని అడుగుల ఎత్తని గీసే గీత. కొల్లేరు సరస్సు అభయారణ్యం ఏ గీత దాకా ఉండాలో తేలడం లేదు. సముద్ర మట్టం మీద ఐదడుగుల ఎత్తు దాకా నీళ్లు నిలిస్తే కొల్లేరు 308 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. మూడడుగులకే అయితే 135, ఏడడుగులకు 675, పదడుగులకు ఏకంగా 901. ఇది లోతైన చెరువు కాదు, పళ్లెం లాంటిది. ఒక్క అడుగు నీళ్లు పెరిగితే ఊళ్లకు ఊళ్ల పొలాలు మునుగుతాయి, ఒక్క అడుగు తగ్గితే వేల ఎకరాలు బయటపడతాయి. ఆ బయటపడే నేల ఎవరిది అన్నదే గొడవంతా.

కృష్ణ ఒకవైపు, గోదావరి ఇంకోవైపు వేల ఏళ్లుగా ఒండ్రు పోసి డెల్టాలు కట్టుకుంటూ పోతే, రెండింటి మధ్య పల్లం మిగిలింది. అదే కొల్లేరు. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి పడతాయి, అరవైకి పైగా డ్రెయిన్లూ కాలువలూ కలుస్తాయి. బయటికి మాత్రం దారి ఒక్కటే, ఉప్పుటేరు. దాదాపు అరవై కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. వానాకాలం వచ్చిన నీళ్లన్నీ ఒక్కసారి పోలేవు కాబట్టి సరస్సు వాటిని కడుపులో పెట్టుకుని నెమ్మదిగా వదిలేది, వేసవికి సన్నబడేది. నీళ్లు వెనక్కి తగ్గిన బాడవల్లో లంక ఊళ్లవాళ్లు దాళ్వా వరి వేసేవాళ్లు, నీళ్లున్నన్నాళ్లూ మావులు (చేపల ఉచ్చులు) పెట్టి కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి పట్టుకునేవాళ్లు, బాతుల్ని పెంచేవాళ్లు. సరస్సు నీళ్లే కడవలతో ముంచుకుని తాగామని ఆ ఊళ్ల పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు అవే లంకలకు తాగునీళ్ల టిన్నులు బయటి నుంచి వస్తున్నాయి.

మార్పు చేపల చెరువులతో మొదలైందని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో 1850ల దగ్గర మొదలైంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడలో కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. డెల్టా మొత్తానికి అన్నం పెట్టిన పనులివి, వాటిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ రెండు డెల్టాల పొలాలు తడిసిన తర్వాత మిగిలిన మురుగు నీరు ఎటు పోవాలి? పల్లానికే. నదుల వరద వచ్చినప్పుడు నిండి తర్వాత ఖాళీ అయ్యే సరస్సుకి, పంటకాలమంతా డ్రెయిన్ల నీళ్లు రావడం మొదలైంది, ఆ నీళ్లతో పాటు మట్టీ వచ్చింది. వందేళ్లు తిరిగేసరికి హరిత విప్లవం తోడై ఎరువులూ పురుగుమందులూ అదే దారిన దిగాయి. వీటికి తోడు బుడమేరు మీదుగా విజయవాడ మురుగు, తమ్మిలేరు మీదుగా ఏలూరు మురుగు. ఎరువుల నీళ్లు దొరికితే గుర్రపుడెక్క ఆగుతుందా, తివాచీలా కప్పేసింది. పడవ తెడ్డు వేస్తే నీరు తగలదు, పచ్చటి కాడలే తగులుతాయి. ఆ కప్పు కింద వెలుతురూ ఉండదు, గాలీ సరిగా ఆడదు, నాటు చేపకి ఊపిరాడదు.

1964లో పెద్ద వరదలొచ్చాయి. ఆ తర్వాత వేసిన మిత్రా కమిటీ డెల్టా మురుగు పారుదల సంగతంతా చూసి, ఉప్పుటేరు నీళ్లను తొందరగా సముద్రానికి పంపే దారి బాగుచేయాలంది. కొంత చేశారు, చాలా మిగిల్చారు. ఈలోగా లంక రైతులకు ఏడాది విడిచి ఏడాది పంట మునిగి అప్పులే మిగిలాయి. అప్పుడు, 1976 ప్రాంతంలో, జలగం వెంగళరావు ప్రభుత్వం ఒక దారి చూపించింది: వరి వద్దు, చేపలు పెంచండి, సహకార సంఘాలు పెట్టుకోండి, చెరువులు మేమే తవ్విస్తాం. పేదల కోసం మొదలైన పథకమే అది. ఆ మాట మర్చిపోకూడదు, ఎందుకంటే తర్వాత జరిగిన దానికి ఆ పేదల్నే దోషుల్ని చేశారు. చేపల్లో డబ్బుందని తెలిశాక పెట్టుబడి ఉన్నవాళ్లు దిగారు, సంఘాల చెరువులు లీజుల పేరుతో వాళ్ల చేతుల్లోకి పోయాయి, కొత్త చెరువులు ఎవరినీ అడక్కుండా లేచాయి, సొంత నేల మీద హక్కున్న మనిషి దాని గట్టు మీదే కాపలా కూలీ అయ్యాడు.

ఆ చెరువు ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. నీళ్లలో వరసగా వెదురు గెడలు పాతి, తవుడు నింపి చిన్న చిన్న చిల్లులు పెట్టిన సంచుల్ని వాటికి కడతారు. తెల్లారగానే ఒకతను పడవ మీద గెడ గెడకీ పోయి ఖాళీ సంచి విప్పి నిండు సంచి కడుతుంటాడు. బొచ్చెలూ శీలావతులూ వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి లాగుతుంటే సంచి సన్నగా ఊగుతుంది. మేతకీ చేపకీ అది మంచి పద్ధతే. చేప పెరిగి, ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి కలకత్తాకో అస్సాముకో పోతుంది. కానీ గట్టు మాత్రం వరదకి అడ్డం నిలబడుతుంది. పళ్లెంలో గిన్నెలు బోర్లించి నీళ్లు పోస్తే ఏమవుతుందో అదే అవుతుంది: సరస్సుకి దక్కాల్సిన చోటు గట్లు తినేశాక ఆ నీళ్లు చుట్టుపక్కల ఊళ్ల వరి పొలాల్లోకి ఎక్కి కూర్చుంటాయి.

పక్షుల కథ కూడా ఇక్కడే కలుస్తుంది. పశ్చిమ గోదావరిలోని ఆరేడు దగ్గర గూడబాతుల (పెలికాన్ల) పెద్ద కాలనీ ఉండేది. కేరళ పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ 1940లలో దాని గురించి రాశారు. డెబ్బైల నాటికి ఆ గూళ్లు ఖాళీ అయిపోయాయి. దశాబ్దాల తర్వాత కైకలూరు దగ్గరి ఆటపాకలో మళ్లీ గూళ్లు కట్టాయి. సరిపడా చెట్లు లేక అటవీశాఖ ఇనప స్టాండ్లు పాతింది. వాటి మీద గూడబాతులు పుల్లలు పేర్చుకుని పిల్లల్ని పెంచుతుంటే చూశాను, సంతోషమేసింది, బాధా వేసింది.

1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు దాకా, అంటే ఆ 308 చదరపు కిలోమీటర్లనీ, అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో ప్రపంచ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితాలో, అంటే రామ్‌సర్ జాబితాలో చేరింది. ఆ జాబితాలో రాసిన విస్తీర్ణం 90,100 హెక్టార్లు, పదో కాంటూరు లెక్క. దేశంలో చట్టం కాపాడేది మాత్రం అందులో మూడో వంతు. ఆ మూడో వంతు కూడా కాగితం మీదే ఉండిపోయింది. 2006లో సుప్రీంకోర్టు కేంద్ర సాధికార కమిటీ సిఫార్సులతో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం "ఆపరేషన్ కొల్లేరు" మొదలుపెట్టింది. పొక్లెయిన్లు దిగాయి, కొన్ని చోట్ల పేలుడు పదార్థాలు పెట్టి మరీ గట్లు పగలగొట్టారు. నీళ్లు మళ్లీ పరుచుకున్నాయి, పక్షులూ వచ్చాయి. కానీ పెద్ద చెరువుల వాళ్లు వేరే చోట చెరువు చూసుకున్నారు. ఒకటిన్నర ఎకరం మీద బతికేవాడికి ఏ చెరువు దొరుకుతుంది? పునరావాసం హామీలు కొల్లేటి చాంతాడులా సాగాయి, కుటుంబాలు వలస పోయాయి. ఆ పని అవసరం లేదని నేననను. గట్టు కొట్టిన రోజే ఆ మనిషి బతుకు సంగతి తేల్చాల్సింది అంటాను. తేల్చకపోబట్టే కొద్ది ఏళ్లకే గట్లు మళ్లీ లేచాయి.

2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించమని తీర్మానం చేసింది. తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదింపుకి ఒప్పుకోలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. బుడమేరు అసలు దారి కొల్లేరుకే. వెలగలేరు దగ్గర కొంత నీటిని కృష్ణకి మళ్లిస్తారు గానీ, ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పోతోంది, ఇంకో చుక్క తీసుకునే స్థితిలో లేదు. 2025లో కోర్టు కమిటీ మళ్లీ కొల్లేరు వచ్చి చూసి వెళ్లింది. అటు వేసవిలో సరస్సు మట్టం పడిపోతే ఉప్పుటేరు వెనక్కి పారుతుంది. సముద్రపు పోటు ఉప్పు నీళ్లను లోపలికి నెడుతుంది. కాంటూరు ఎక్కడ గీసినా ఆ ఉప్పు ముందు తగిలేది లంక ఊళ్లకే.