చేంతాడూ పిచ్చర్ చేయీ

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీస్సులు.

"తాతయ్యా, నేను అలసిపోలేదు, బాగానే వేస్తున్నాను; అయినా 85 బంతులు కాగానే కోచ్ నన్నెందుకు ఆపేశారు?" అని నీ బేస్‌బాల్ ఆట గురించి నువ్వు డల్లాస్ నుంచి ఫోనులో అడిగినప్పుడు నాకు వెంటనే జవాబు తోచలేదు. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ఇంటి వెనుక గిలకబావి ఉండేది. ఎండాకాలంలో నీళ్ళు అడుగంటినప్పుడు నేనూ మా అన్నయ్యా పందెం వేసుకుని బిందె తరువాత బిందె నింపేవాళ్ళం. చేంతాడు చూపుకు గట్టిగానే ఉండేది. గిలక మీద ఒరుసుకునే చోట మాత్రం ఒక్కొక్క పురీ తెగుతూ వచ్చి, ఒకనాడు బొక్కెన కాస్తా బావిలో పడిపోయింది. మా నాయనమ్మ కోప్పడలేదు. రోజూ తాడు ఆరబెట్టి, పురులు తడిమి చూశాకే తోడమంది. నీ మోచేతి లోపలివైపు ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ కూడా అలాంటి తాడే. బంతి విసిరిన ప్రతిసారీ అది బిగుసుకుంటుంది, నొప్పి తెలిసేసరికి కొన్ని పురులు తెగి ఉండవచ్చు. పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 85 బంతులు చాలునని, పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ సంస్థ నియమం పెట్టింది అందుకే.

మీ టెక్సాస్‌లోనే జిమ్ మోరిస్ అనే పిచ్చర్, అంటే నీలాగే బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు, ఉన్నాడు. 1983లో మిల్వాకీ బ్రూయర్స్ జట్టు అతన్ని ఎంచుకుంది. చేయి మాటిమాటికీ దెబ్బతిని, శస్త్రచికిత్సలు జరిగి, పెద్ద లీగు మెట్టు ఎక్కకుండానే ఆట మానేశాడు. అతని తాడు తెగి బొక్కెన బావి అడుగుకు చేరింది. ఆ తరువాత బిగ్ లేక్ అనే చిన్న ఊరి బడిలో సైన్సు పాఠాలు చెబుతూ, పిల్లలకు బేస్‌బాల్ నేర్పాడు. బావిలో పడ్డ బొక్కెనను పైకి తీసే పాతాళగరిగను ఆ పిల్లలే వేశారు: తాము జిల్లా స్థాయిలో గెలిస్తే ఆయన మళ్ళీ పెద్ద లీగు జట్ల ఎంపిక పోటీకి వెళ్ళాలని పందెం కట్టి, 1999లో గెలిచి చూపించారు. ఇచ్చిన మాట కోసం వెళ్ళిన ఆ మాస్టారు, వయసులో ఉన్నప్పుడు కూడా వేయనంత వేగంతో, గంటకు 98 మైళ్ళతో బంతులు విసిరాడు.

ఆ సెప్టెంబరు 18న, ముప్పై అయిదేళ్ళ వయసులో, మీకు దగ్గరలోని ఆర్లింగ్టన్‌లో టాంపా బే జట్టు తరఫున దిగి, ఎదుర్కొన్న మొదటి బ్యాటర్ రాయిస్ క్లేటన్‌ను నాలుగే బంతుల్లో అవుట్ చేశాడు. మరుసటి సంవత్సరం మే నెలతో పెద్ద లీగులో అతని ఆట ముగిసింది. మొత్తం 21 ఆటలు, 15 ఇన్నింగ్స్, 13 స్ట్రైకవుట్లు (బ్యాటర్‌ను బంతులతోనే అవుట్ చేయడం). ఒక్క గెలుపూ అతని పేరున లేదు. అయినా అది చిన్న ఆట అనడానికి నాకు మనసొప్పదు.

తెగిన తాడు ముడివేస్తే పనికొస్తుందని తెలుసు గానీ, ముందుకన్నా గట్టిపడటం నేనెక్కడా చూడలేదు. అతని చేతికి ఆ వేగం ఎలా వచ్చిందో నా చేంతాడు చెప్పలేకపోతోంది, నాయనా. తలచుకున్నప్పుడల్లా ఆశ్చర్యపోతూనే ఉన్నాను.

ఈసారి నాన్నతో ఆర్లింగ్టన్‌లో ఆట చూడటానికి వెళ్ళినప్పుడు కాస్త ముందుగా వెళ్ళి, పిచ్చర్లు చేయి వేడెక్కించుకునే బుల్‌పెన్ పక్కన నిలబడు. అక్కడి పిచ్చర్ పూర్తి వేగం అందుకునే ముందు ఎన్ని బంతులు నెమ్మదిగా వేస్తాడో లెక్కపెట్టి నాకు రాయి.

నీ తాతయ్య