టర్కీ చిల్లీ: అపోహలు - వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల ఆఫీసులకు మధ్యాహ్నం భోజనాలు పంపే ఒక వంటశాలలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. చలి మొదలైందంటే వారానికి రెండుసార్లయినా టర్కీ కోడి కీమా, బీన్స్ (రాజ్మా లాంటి గింజలు) కలిపి చిల్లీ వండుతాం. చిల్లీ అంటే మిరప్పొడి, టమాటాలతో చేసే చిక్కటి అమెరికా వంటకం. అది తిన్న మనవాళ్లు ఇంట్లో ఎలా చేసుకోవాలని అడుగుతుంటారు. వాళ్ల ప్రశ్నల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. చాలావాటివల్ల రుచి ఒక్కటే చెడుతుంది. కొన్నింటివల్ల మాత్రం ఆరోగ్యమే చెడుతుంది, అందుకే వాటిలో ముఖ్యమైనదాని గురించి ముందుగా చెబుతాను.

అపోహ: రాజ్మా రాత్రంతా నానింది కాబట్టి స్లో కుక్కర్‌లో (సన్నటి వేడి మీద గంటలకొద్దీ ఉడికించే కరెంటు గిన్నె) వేసేస్తే చాలు, సాయంత్రానికి అదే ఉడుకుతుంది.

కిందటి చలికాలం మా అపార్ట్‌మెంట్లో ఉండే అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, పొద్దున్నే అన్నీ స్లో కుక్కర్‌లో వేసి ఆఫీసుకు వెళ్లిపోతాను. రాజ్మా కూడా నానబెట్టి అలాగే వేసేయనా?" అంది. "వద్దమ్మా, రాజ్మా మాత్రం ముందు పొయ్యి మీద మరిగించు" అన్నాను.

ఎర్ర రాజ్మాలో ఫైటోహెమాగ్లుటినిన్ అనే లెక్టిన్, అంటే విషంలా పనిచేసే ఒక రకం మాంసకృత్తు, ఎక్కువగా ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా కొన్ని గంటల్లోనే వాంతులు, ఆ తర్వాత విరేచనాలు పట్టుకోవచ్చు. నానబెట్టినంత మాత్రాన అది పోదు. స్లో కుక్కర్లో వేడి చాలాసార్లు మరిగే స్థాయికి చేరదు. 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటలకొద్దీ ఉంచితే గింజ మెత్తబడుతుంది కానీ విషం విరగదు, పచ్చి గింజలో కంటే దాని ప్రభావం పెరగవచ్చు కూడా. వేలితో నొక్కితే మెత్తగా ఉంది కదా అని తినేస్తారు, ప్రమాదం అక్కడే ఉంది.

కనీసం 5 గంటలు నానబెట్టండి. ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి తెర్లనివ్వండి. 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాల్లో ఆ లెక్టిన్ పనిచేయకుండా పోతుంది. అమెరికాలో ఆహార భద్రత చూసే ఎఫ్‌డీఏ మాత్రం 30 నిమిషాలు మరిగించమంటుంది, నేను ఆ లెక్కే పాటిస్తాను. ఇండియా నుంచి సూట్‌కేసులో పెట్టుకుని వచ్చిన ప్రెషర్ కుక్కర్ ఉంటే ఇంకా మంచిది. అందులో వేడి 120 డిగ్రీల దగ్గరికి వెళుతుంది, గింజ లోపలిదాకా ఉడుకుతుంది. డబ్బాల్లో వచ్చే బీన్స్ ముందే ఉడికినవి కాబట్టి వాటిని స్లో కుక్కర్‌లో నిశ్చింతగా వేసుకోవచ్చు.

అపోహ: బీన్స్ ఉడికేటప్పుడు ఉప్పు వేస్తే గట్టిపడతాయి.

ఉప్పు మీద ఈ నింద ఎంతకాలంగా ఉందో కానీ, తప్పు దానిది కాదు. ఉప్పు నీళ్లలో నానబెడితే తొక్కలోని కాల్షియం, మెగ్నీషియం స్థానంలోకి సోడియం చేరి తొక్క ఇంకా తేలిగ్గా మెత్తబడుతుంది. అసలు అడ్డుపడేది టమాటా. పులుపు తగిలితే గింజ గట్టిగా ఉండిపోతుంది. చింతపండు పులుసు పోశాక పప్పు ఉడకదని మన ఇళ్లలో అందరికీ తెలుసు కదా, ఇదీ అంతే. బీన్స్ పూర్తిగా ఉడికాకే టమాటాలో కలపండి.

అపోహ: చిల్లీ పౌడర్ అంటే మన కారమే.

వంట పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. అమెరికాలో చిల్లీ పౌడర్ పేరుతో సీసాలో దొరికేది వట్టి మిరప్పొడి కాదు. ఘాటు తక్కువున్న ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి పొడి, ఒరెగానో, చాలా కంపెనీల సీసాల్లో ఉప్పు కూడా కలిపిన మిశ్రమం. టెక్సాస్‌లోని న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో విలియం గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు 1890లలో ఇలాంటి పొడిని అమ్మకానికి పెట్టాడు. అప్పటినుంచి ఇంటింటికీ పాకింది.

అందుకే ఇక్కడి చిల్లీ రెసిపీల్లో ఒక పౌండు మాంసానికి మూడు టేబుల్‌స్పూన్లు అని రాసి ఉంటుంది. అంత గుంటూరు కారం వేస్తే ఎవరూ తినలేరు. భయపడి అర స్పూను కారంతో సరిపెడితే మిరప రుచి లేని టమాటా పులుసు మిగులుతుంది. ఈ వంటలో మిరప కేవలం ఘాటు కోసం కాదు. చిక్కదనం, రంగు, కొంచెం తీపి, కొంచెం చేదు అన్నీ దాన్నుంచే రావాలి. ఆ తీపి ఎక్కువగా ఆంచో నుంచి వస్తుంది. పొబ్లానో మిరప పండి ఎండితే దాన్నే ఆంచో అంటారు, కిస్మిస్ వాసన ఉంటుంది.

ఆంచో దొరకకపోతే రెండు టేబుల్‌స్పూన్ల బ్యాడిగి లేదా కాశ్మీరీ మిరప్పొడి, రెండు టీస్పూన్ల వేయించిన జీలకర్ర పొడి, టీస్పూను వెల్లుల్లి పొడి, టీస్పూను ఒరెగానో కలుపుకోండి. ఘాటు కావాలంటే చివర్లో గుంటూరు కారం చిటికెడు చొప్పున వేస్తూ రుచి చూడండి. ధనియాల పొడి, గరం మసాలా, అల్లంవెల్లుల్లి ముద్ద జోలికి మాత్రం వెళ్లొద్దని నా మాట. అవి పడితే కమ్మటి కీమా రాజ్మా కూర అవుతుంది, చిల్లీ కాదు. కూర తినాలనిపించిన రోజు కూరే వండుకుందాం.

అపోహ: టర్కీకి రుచి ఉండదు, పిప్పిలా ఉంటుంది.

పిప్పిలా అయ్యేది వండే తీరు వల్ల. టర్కీ కీమాలో నీరు ఎక్కువ. చిన్న గిన్నెలో మొత్తం ఒకేసారి కుమ్మరించి కలుపుతూ పోతే నీరంతా ఊరి, అందులోనే ఉడుకుతుంది, వేగదు. వెడల్పాటి మూకుడు బాగా కాలనిచ్చి, నూనె వేసి, కీమాను సగం సగంగా పరిచి మూడు నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేయండి. అడుగున గోధుమరంగు పట్టాకే తిప్పండి. ఆ అడుగంటిన పొరలోనే రుచంతా ఉంటుంది. తర్వాత ఉల్లిపాయలు వేసినప్పుడు వాటి తడితో గరిటె పెట్టి గీకి కలిపేయాలి. మిరప్పొడి మిశ్రమాన్ని కూడా టమాటా పోయకముందే ఆ నూనెలో అర నిమిషం వేయించండి. పోపు విలువ తెలిసినవాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో కిటుకు ఉంది. పౌండు కీమాకు పావు టీస్పూను వంట సోడా, టేబుల్‌స్పూను నీళ్లలో కరిగించి పట్టించి 20 నిమిషాలు ఉంచండి. సోడా వల్ల మాంసకృత్తులు బిగుసుకోవు, తడి లోపలే నిలుస్తుంది. అంతకు మించి వేస్తే సబ్బు రుచి వస్తుంది.

టర్కీ అంటే కొవ్వు ఉండదని కూడా అనుకోవద్దు. 85/15 అని రాసిన ప్యాకెట్లో 15 శాతం కొవ్వు ఉంటుంది, 93/7 రాసిన బీఫ్‌లో కంటే రెట్టింపు. చిల్లీకి నేను 93/7 టర్కీ వాడతాను. 99 శాతం కొవ్వు తీసేసిన రొమ్ము కీమా మాత్రం ఎంత జాగ్రత్తగా వండినా పొడిబారుతుంది.

అపోహ: కీమాను పసుపు, ఉప్పు వేసి కడిగితేనే శుభ్రం.

మన అలవాటు ఇది, ఒక్కసారిగా మానడం కష్టమే. కానీ కడిగితే బ్యాక్టీరియా పోదు, సింకు, పక్కనున్న గిన్నెలు, కూరగాయల మీదికి చిందుతుంది. దాన్ని చంపేది వేడి ఒక్కటే. టర్కీ కీమా లోపల 165 ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్ చేరాలి. రంగు చూసి నిర్ణయించకండి. చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి.

అపోహ: బీన్స్ పడితే అది చిల్లీయే కాదు.

టెక్సాస్‌లో ఇది గట్టి పట్టింపు. 1977లో చిల్లీని రాష్ట్ర వంటకంగా ప్రకటించారు. టెర్లింగ్వా అనే ఎడారి ఊళ్లో 1967లో చిల్లీ పోటీ మొదలైంది, ఇప్పటికీ అక్కడి పోటీ గిన్నెలో బీన్స్ కనబడకూడదు. పోటీకి ఆ నియమం సరే. కానీ మిరప, బీన్స్, టమాటా, టర్కీ నాలుగూ అమెరికా ఖండాల సొంతవే. టర్కీని మెక్సికో ప్రాంతంలో స్పానిష్‌వాళ్లు రాకముందే పెంచారు. ఆవులు, జీలకర్ర ఆ తర్వాత ఓడలెక్కి వచ్చినవి. కాబట్టి టర్కీ, బీన్స్ కలిపి వండితే నకిలీ చిల్లీ అంటే నేను ఒప్పుకోను.

అపోహ: ఎంతసేపు మరిగితే అంత రుచి.

పెద్ద బీఫ్ ముక్కలకు రెండు మూడు గంటలు కావాలి, వాటిలో కండను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే గట్టి పదార్థం కరగాలి కాబట్టి. టర్కీ కీమాకు అంత అవసరం లేదు. పౌండు కీమా, పెద్ద ఉల్లిపాయ, 28 ఔన్సుల టమాటా డబ్బా, 15 ఔన్సుల బీన్స్ డబ్బాలు రెండు, కప్పు నీళ్లు కలిపి సన్నసెగ మీద 45 నిమిషాలు ఉంచితే చాలు. చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు. కప్పు బీన్స్ మెదిపి కలపండి.

అపోహ: పూర్తిగా చల్లారాకే ఫ్రిజ్‌లో పెట్టాలి.

మర్నాటికి చిల్లీ రుచి పెరుగుతుందన్నది నిజమే. కానీ పెద్ద గిన్నెను పొయ్యి మీదే రాత్రంతా వదిలేస్తే నెమ్మదిగా చల్లారే ఆ కొన్ని గంటల్లో క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దాని బీజాలు ఉడికించినా చావవు. లోతు తక్కువ డబ్బాల్లోకి సర్ది, దించిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. కాస్త గోరువెచ్చగా ఉన్నా ఫ్రిజ్‌కు ఏమీ కాదు. మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. తినేముందు అర కప్పు నీళ్లు పోసి బాగా ఉడుకు వచ్చేదాకా వేడిచేసి, దించాక నిమ్మకాయ పిండండి.